కాగితం అంటించిన ప్లేటు

సువార్తమ్మగారి ప్లేటు బస్సులో పగల్లేదు. నేను పగలగొట్టాను. పట్టపగలు, నా కొట్లో, స్టూలు మీద కూర్చుని, దాన్ని మోకాలికి ఆనించి రెండు చేతులతో విరిచాను. చెయ్యి జారలేదు. ఎవరూ వచ్చి తగల్లేదు. పగలాలనే పగలగొట్టాను.

రాసేశాను. ఇంతే. ఈ కాసిని మాటలు నోట్లోనే పెట్టుకుని నలభై ఏళ్ళు తిరిగాను. బరువు మోశాను అని రాయబోయి ఆ మాట కొట్టేశాను. మోశాను అంటే నేనేదో కష్టపడ్డట్టు, ఎవరో వచ్చి నా భుజం పట్టాలన్నట్టు ఉంటుంది. ఆ ప్లేటు బరువెంతని? జొన్నరొట్టెంత. విరగక ముందు అంతే. విరిగిన తర్వాత ఎంతయిందో నాకు ఇప్పటికీ తూకం తెలియలేదు.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. నా పేరూ మీకు చెప్పను. పేరు దాచడం ఎంత నీచమో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది. అయినా దాచుకుంటున్నాను. నేనింతే.

ప్లేటు అంటే ఈ కాలం వాళ్ళకు టిఫిను పెట్టుకునేది గుర్తొస్తుంది. మాకు ప్లేటంటే గ్రామఫోను రికార్డు. నల్లటి లక్క బిళ్ళ. చూస్తే గట్టిది, కింద పడితే పెంకు. నరసరావుపేటలో నాకు మైకు సెట్టు కొట్టుండేది. పెళ్ళిళ్ళు, ఎన్నికల మీటింగులు, కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ మీద కట్టే హారన్లు, అన్నీ చూసేవాణ్ణి. బడి చదువు ఎనిమిదితో ఆగింది. ఆ తర్వాతదంతా నా అంతట నేను నేర్చుకున్నదే. ఇంగ్లీషు ప్లేట్ల అట్టల మీద నేర్చుకున్నాను. డిగ్రీలున్న వాళ్ళు తప్పుగా పలికే మాటలు నేను సరిగ్గా పలుకుతాను. ఈ పొగరు కూడా ఆ నేరంలో ఒక పాలు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

మైకు సెట్టు వాడి పనిలో ఒక పద్ధతుంది. ప్లేటు చివరికి వచ్చేసరికి గరగర మొదలవుతుంది. ఆ గరగర హారన్లో పడితే ఊరంతా వినపడుతుంది, పెళ్ళివారు తిడతారు. అందుకని ఆఖరి చరణం ముగుస్తుండగానే సూది ఎత్తేసి పక్కన సిద్ధంగా పెట్టుకున్న ఇంకో ప్లేటు వెయ్యాలి. నేను చూడకుండానే నా చెయ్యి లేచేది. అంటే, ఊళ్ళకు ఊళ్ళకే పాటలు వినిపించిన నేను ఏ ప్లేటూ చివరిదాకా వినలేదు. ఇది కాస్త గుర్తుంచుకోండి.

ఈ పిచ్చి నాకు పట్టింది మాచర్ల అవతల. అక్కడొక మిషను ఆసుపత్రి ఉండేది. అందులో పనిచేసిన అమెరికా డాక్టరు దేశం వెళ్ళిపోతూ సామాను వేలం పెట్టాడు. అందరూ మంచాలకూ కుర్చీలకూ ఎగబడ్డారు. నేను ఒక చెక్కపెట్టె పాడుకున్నాను. నిండా చిన్న ప్లేట్లు, మధ్యలో రూపాయి బిళ్ళ కంటే పెద్ద బొక్క. మన మిషను మీద నిలబడవు. బొంగరాలు చేసే అతని దగ్గరికి పోయి ఆ బొక్కలో బిగిసేట్టు చెక్కబిళ్ళ తిప్పించుకున్నాను. అమెరికాలో నల్లవాళ్ళు పాడిన పాటలవి. చర్చిలో పుట్టి వీధిలోకి వచ్చిన గొంతులు. ఆ రకాన్ని సోల్ అంటారని అట్టల మీద చదివాను. డిక్షనరీ తీస్తే ఆత్మ అని ఉంది. నాకు మాత్రం సోలిపోవడమే అర్థమైంది. వాళ్ళు పాడుతూ పాడుతూ సోలిపోతున్నారు, మళ్ళీ లేచి పాడుతున్నారు. పక్క కొట్లో చెప్పులు అమ్మే రంగారావుకు ఆ మాట చెబితే, "సోలా? అరిగిపోయిందా బావా? తే, కొత్తదేస్తా" అన్నాడు. ఆ రోజు వాణ్ణి చూసి నవ్వాను. ఈ మొత్తం కథలో సోల్ గురించి బుద్ధిగా మాట్లాడినవాడు వాడొక్కడే.

ఎందుకంటే ఆ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. పాత ఇంగ్లీషు పత్రికలు, ప్లేట్లు పోగేసేవాళ్ళు ఒకరికొకరు రాసుకునే కబుర్లు. అందులో తెలిసింది, ప్లేటుకు విలువ ఎట్లా వస్తుందో. మీకూ చెబుతాను. చెబితే మీకు కంపరం పుట్టాలి.

పాట బాగుంటే విలువ రాదు. అది మొదట తెలుసుకోవాలి. బాగున్న పాటను జనం కొంటారు, ఇంటింటా ఉంటుంది, వేసీ వేసీ అరగదీస్తారు. దాన్ని ఈ పోగేసేవాళ్ళు కాలితో పక్కకు నెడతారు. ఎవరూ కొనని ప్లేటుకు విలువ. కంపెనీ మూతపడి గోడౌన్లో చెమ్మకు పోగా మిగిలిన దానికి విలువ. అచ్చులో తప్పుపడి ఆపేసిన దానికి విలువ. పాడిన మనిషి ఎవరో, బతికుందో చచ్చిందో తెలియకపోతే ఇంకా విలువ. మనుషులు ప్రేమించిన ప్లేటు ఒళ్ళంతా గీతలతో ఉంటుంది, ఎవరికీ అక్కర్లేనిది అద్దంలా ఉంటుంది. ఆ అద్దం కోసం వీళ్ళు చొంగ కారుస్తారు. ఎవరైనా మురిపెంగా లేబులు మీద తన పేరు రాసుకుంటే దాన్ని మచ్చ అంటారు. అన్నిటికన్నా పైన ఉండేది ఇంకోటి లేకపోవడం. లోకంలో ఒక్కటే ఉందంటే, అందులో కుక్క మొరిగినా వీళ్ళకు సంగీతమే.

ఆకలితో పోయిన నల్ల గాయకుల గొంతులను ఇట్లా అద్దాల బీరువాల్లో పెట్టుకుని, సూది తగిలితే అరుగుతుందని వినకుండా, దానికి ఆత్మ అని పేరు పెట్టుకున్నారు. ఎంత సిగ్గులేని జాతి! అని మీరంటారు. నేనూ అంటాను. కానీ అప్పుడు అనలేదు. అప్పుడు నాకు ఆ గుంపులో ఒకణ్ణి కావాలనిపించింది. ఎనిమిదో తరగతి మైకు సెట్టు వాడికి ఏం తక్కువైందని అది కావాల్సి వచ్చింది? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. జవాబు ఏమీ గొప్పగా లేదు. నా దగ్గర ఉన్నది ఇంకొకడి దగ్గర లేకపోతే నేను పెద్దవాణ్ణవుతాననుకున్నాను. అంతే.

మాచర్లలో ఒక టీ హోటలు ఎత్తేస్తుంటే వాళ్ళ పాత ప్లేట్లన్నీ తెచ్చుకున్నాను. అందులో ఒకదాని దగ్గర ఆగిపోయాను. లేబులు మీద "కుమారి సువర్ణ" అని ఉంది. మద్రాసులో పోసిన ప్లేటు. ఏ పట్టీలోనూ ఆ పేరు లేదు. ఆ గొంతు మాత్రం మన పల్నాటి ఎండలో కాగిన గొంతు. పాట యాస మనది.

"ఎర్రటి ఎండన ఎతుకుతా వస్తివా, మంట చేతులు జూసి మళ్ళీ పోతివా" అని దేవుణ్ణి నిలబెట్టి అడుగుతుంది. మిరపకాయలు కోసే ఆడవాళ్ళ చేతులు ఎట్లా మండుతాయో తెలిసినవాళ్ళు కట్టుకున్న పాట. అమెరికా పెట్టెలో ఏ గొంతు విని నేను సోలిపోయానో, ఆ గొంతు ఇక్కడ తెలుగులో ఉంది.

ఆ ఏడు క్రిస్మసుకు గురజాల పక్క ఊళ్ళో చర్చికి మైకు కట్టాను. మధ్యాహ్నం భోజనాలప్పుడు దైవ గీతమే కదా అని ఆ ప్లేటు వేశాను. ఆఖరి చరణం దగ్గర అలవాటుగా సూది ఎత్తాను. ఒకామె చేతిలో అన్నం గిన్నెతో నా దగ్గరికొచ్చి నిలబడింది.

"ఎత్తేశారేంది అబ్బాయిగారూ? ఇంకా ఉంది," అంది. మాట బొంగురుగా, గాలి ఎక్కువ, గొంతు తక్కువగా వచ్చింది.

"ఏముందే, గరగరే."

"ఆ పాడేది నేనేనండీ."

వడ్డించేవాళ్ళు గొల్లున నవ్వారు. "పాడేది సువర్ణ అంట, మద్రాసు కుమారి. నువ్వు కుమారివా అత్తా?" అన్నాడు ఒకడు లేబులు చదివి. "గొంతులో కప్పనుంచుకుని పాటంటది సూడు," అన్నదొకామె. ఆమె, అదే సువార్తమ్మ, వాళ్ళ నవ్వు తీరిందాకా ఆగింది. తర్వాత, గిన్నె కింద పెట్టి, ఆ పోయిన గొంతుతోనే పల్లవి ఎత్తుకుంది. నవ్వులు ఆగిపోయాయి. గొంతు లేదు, మలుపులన్నీ ఉన్నాయి.

ఆమె నన్ను అబ్బాయిగారూ అనేది. నేను ఆమెను ఏమే అనేవాణ్ణి. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. మా ఇళ్ళల్లో ఆమె వాళ్ళను చేలో కూలికి పిలిచేవాళ్ళు కాబట్టి వయసుతో పనిలేదు. ఇప్పుడు సువార్తమ్మగారు అని రాస్తున్నాను. రాయడం ఎంత తేలిక! గారు అనడానికి నాకు నోరు రావలసిన రోజున రాలేదు.

ఆమె చెప్పింది ఇదీ. చిన్నప్పుడు మిషను వాళ్ళు మద్రాసు తీసుకెళ్ళి పాడించారు. సువార్తమ్మ అనే పేరుంటే బజారులో ఎవరు కొంటారని కంపెనీ వాడు సువర్ణ అని అచ్చేశాడు. అయినా ఎవరూ కొనలేదు. కాసిని పోసి ఆపేశారు. ఆమెకూ ఒకటి ఇచ్చారు. ఇంట్లో పెట్టి వినడానికి మిషను లేదు. ఆమె మొగుడు యోహాను పెద్దవాడయ్యాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఆ పేరు చూసి, కోపంతో, లేబులు మీద తెల్లకాగితం గుండ్రంగా కత్తిరించి అంటించాడు. దాని మీద ఇంకుతో "సువార్తమ్మ" అని రాశాడు. ఆయన పోయాడు. తర్వాత ఈమె గొంతులో కాయ లేస్తే కోసి తీశారు. ప్రాణం దక్కింది, పాట పోయింది. ఒక్కతే కూతురు, రత్నకుమారి, అప్పటికి చంటిపిల్ల. తల్లి పాడితే ఎట్లా ఉంటుందో ఆ పిల్లకు తెలియదు.

"టేపులోకి ఎక్కిచ్చి పెట్టండి అబ్బాయిగారూ. పక్కింట్లో టేపు రికార్డరుంది. మా పిల్లకి ఒక్కసారి వినిపిస్తా. నన్ను కప్పమ్మా అని ఎక్కిరిస్తంది దొంగముండ," అని నవ్వి, చీరలో చుట్టి దాచిన ప్లేటు తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

అడిగింది అంతే. ఒక టేపు. ఒక పిల్లకు వాళ్ళమ్మ గొంతు.

ప్లేటు కొట్టుకు తెచ్చి బల్ల సొరుగులో పెట్టాను. చేద్దాంలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, అది కూడా చెప్పాలి. ఇంతలో మద్రాసు నుంచి పాత ప్లేట్ల వ్యాపారి ఒకడు వచ్చాడు. వేలికి ఉంగరం, చేతిలో భూతద్దం. నా అమెరికా పెట్టె చూసి పెదవి విరిచాడు. కుమారి సువర్ణ ప్లేటు చూసి లేచి నిలబడ్డాడు. ఎవరీమె అన్నాడు. తెలియదన్నాను. చూశారా, మొదటి దెబ్బ అక్కడే. ఆమె పేరు నాకు తెలుసు, ఆమె ఇల్లు తెలుసు, ఆమె చేతి అన్నం గిన్నె తెలుసు. తెలియదంటేనే ప్లేటు పెద్దదవుతుందని నోరు దానంతటది తిరిగింది.

"ఇంకోటి ఎక్కడా లేదుగా?" అన్నాడు.

"లేదు," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు వాడి మోచెయ్యి ఆ సొరుగు మీదే ఉంది. అప్పటికి అది అబద్ధం. తర్వాతి వారం దాన్ని నిజం చేశాను.

అమ్మడం కోసం కాదు. నేను ఆ ప్లేటు ఎవరికీ అమ్మలేదు, ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అమ్ముకుని ఉంటే కనీసం ఆశ అని ఒక పేరు పెట్టుకునేవాణ్ణి. ఆ వారమంతా ఆలోచించాను. సొరుగు తీసి చూసేవాణ్ణి. అరిగిన అంచులు, కాగితం అంటించిన లేబులు, ఇంకు రాత. మా లెక్కలో పనికిమాలిన ప్లేటు. మచ్చపడ్డది. అది ఉన్నంతకాలం నా అద్దంలాంటి ప్లేటు రెండింట్లో ఒకటి. అది లేకపోతే ఒకే ఒక్కటి. ఇంత చిన్న లెక్క. ఇంత చిన్న లెక్క కోసం ఒక మనిషి గొంతు విరవొచ్చా? విరిచాను కదా. ఒక్క చప్పుడు, ఎండుకట్టె విరిగినట్టు. కాగితం మాత్రం చిరగలేదు. రెండు ముక్కలనూ పట్టుకుని వేలాడింది. దాన్ని చేత్తో చింపాను. పేరు మధ్యకు చిరిగింది. ముక్కలన్నీ సంచిలో వేసుకుని పోయి సాగరు కాలువలో పోశాను.

తర్వాత గురజాలలో బస్సు దిగి, అద్దె సైకిలు మీద ఆమెకు చెప్పడానికి వెళ్ళాను. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి చెప్పాను.

"ఏమే సువార్తమ్మా, నీ ప్లేటు పగిలింది."

"ఎట్టా పగిలింది అబ్బాయిగారూ?"

"బస్సులో. పిడుగురాళ్ళ దాటాక గుంటలో పడింది బస్సు. పక్కనోడొచ్చి మీద పడ్డాడు."

"అయ్యో, మీకేం తగల్లా గదా?"

ఆమె ముందు అడిగింది అది.

"నాకేం కాలా."

"ముక్కలు తెచ్చారా?"

"ముక్కలెందుకే? పారేశా."

"కాగితం ఉండె గదండీ దాని మీద. మా ఆయన రాసింది."

"కాగితం గీగితం నాకేం తెలుసు?"

పక్కన కూర్చున్నామె నవ్వింది. "పోనీయ్ అక్కా, మోగిందా పాడిందా? పిల్లికి పెట్టిన మూకుడు మాదిరి మూలన ఉండె."

"మోగకపోయినా నాదేగా," అంది సువార్తమ్మ, తాలుకాయ ఒకటి తీసి పక్కన వేస్తూ. తర్వాత తలెత్తి నావైపు చూసింది. "మీ కాడ ఇంకోటి ఉంది గదా అబ్బాయిగారూ? పేరు ఎవరిదైతే ఏంలే. దాన్నన్నా టేపులోకి ఎక్కియ్యండి. పిల్ల అడుగుతంది."

"అది గీతలు పడి పాడైంది," అన్నాను. సైకిలు తిప్పుకుని వచ్చేశాను.

పగలగొట్టడం ఒక నిమిషం పని. ఈ రెండో అబద్ధం ఉంది చూశారూ, అది నలభై ఏళ్ళ పని. నా దగ్గర ఉన్న ప్లేటు మీద ఒక్కసారి సూది పెడితే ఆ పిల్లకు తల్లి గొంతు దక్కేది. ఒక్కసారికి ఏం అరుగుతుంది? ఏమీ అరగదు. అయినా పెట్టలేదు. ఈ ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ, ఆ తర్వాత ఇప్పుడిస్తే ఆ రోజు అబద్ధం బయటపడుతుంది కదా అనుకుంటూ. ఆ ఊరి మీదుగా పోవలసి వస్తే నేను చుట్టు తిరిగి కారంపూడి రోడ్డున పోయేవాణ్ణి. మీరూ ఎవరినైనా తప్పించుకుని చుట్టుదారిన పోతుంటే ఒకటి చెబుతాను, ఆ దారి కూడా ఆ ఇంటి ముందునుంచే పోతుంది.

మొన్నామధ్య హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. చేతికి తెల్లటి తొడుగులు వేసుకుని నా ప్లేటు పట్టుకున్నాడు, ఆపరేషను చేసే డాక్టరులాగా. తెలుగు సోల్ అంటున్నారట ఇప్పుడు ఈ రకాన్ని. వీళ్ళ గుంపు ఒకటి ఫోన్లలో ఉంది. ఎవడి దగ్గర ఏముందో ఫొటోలు పెట్టుకుంటారు, ఒకడికొకడు చేతులు జోడించిన బొమ్మలు పంపుకుంటారు. పాట గురించి మాత్రం ఎవడూ రాయడు. అచ్చు సంఖ్య, లేబులు రంగు, అంచు మీద గీత ఉందా లేదా. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూడరు.

"గాయని ఎవరో తెలియదు, అదే దీని అందం తాతగారూ," అన్నాడు. "ప్రపంచంలో ఇదొక్కటే."

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు. నలభై ఏళ్ళ కిందటి నేనే తొడుగులు వేసుకుని వచ్చి నా ముందు కూర్చున్నట్టుంది. "వేసి వినిపించనా?" అన్నాను. అడిగి చూశాను, అంతే.

వాడు కంగారుగా లేచాడు. "అమ్మో, వద్దండీ, సూది పెట్టకండి!"

ఇంత దూరం వచ్చి, వినకుండా వెళ్ళిపోయాడు. ఆనందంగా వెళ్ళిపోయాడు. ఆత్మను ఫొటో తీసుకుని.

వాడు గడప దాటగానే నేను సూది పెట్టాను. పాట మొదలైంది. ఆ పిల్ల గొంతు, అప్పటికి ఆమె పిల్లే కదా, ఎర్రటి ఎండన దేవుణ్ణి నిలదీస్తూ లేచింది. ఆఖరి చరణం వచ్చింది. నా చెయ్యి దానంతటది లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టుకున్నాను.

పాట అయిపోయింది. గరగర. గరగరలోంచి ఎవరిదో మగ గొంతు, దూరంగా, చాలమ్మా అన్నట్టు. ఆ మీదట ఆమె గొంతు, తొందరగా, మూత పడబోయే పెట్టెలోకి ఏదో విసిరేసినట్టు.

"పాడింది సువార్తమ్మ. గురజాల తాలూకా."

అంతటితో ప్లేటు అయిపోయింది.

ఆమె చిన్నప్పుడు టీ హోటళ్ళలో వేసే చానా పాత ప్లేట్లలో పాడినవాళ్ళు చివర తమ పేరు తాము చెప్పేవాళ్ళని చదివాను. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. అవి విని, పాడితే పేరు చెప్పాలి కాబోలు అనుకుంది, చెప్పింది. కంపెనీ వాడు లేబులు మార్చాడు గానీ దాన్ని తుడవలేదు, వాడూ చివరిదాకా విని ఉండడు. మద్రాసు భూతద్దం వినలేదు. హైదరాబాదు తొడుగులు వినలేదు. నేను వినలేదు. గాయని ఎవరో తెలియదని మేమంతా తలలూపుకుంటున్న ప్లేటు తన పేరు తానే చెబుతోంది, ఇన్నేళ్ళుగా, బీరువాలో.

ఇంకా ఉంది అని ఆ క్రిస్మసు రోజున ఆమె అన్నది దీన్నే.

చర్చి పాస్టరుగారి ద్వారా రత్నకుమారి ఫోను నంబరు సంపాదించాను. గురజాలలో బట్టలు కుడుతుందట. తల్లి బతికే ఉందని, చెవులు బాగా వినిపిస్తాయని చెప్పారు. ఎదురుగా పోయి నిలబడే ధైర్యం నాకు లేదు. ధైర్యం ఉన్నవాణ్ణయితే ఆ రోజు సైకిలు దిగేవాణ్ణి. ఫోనులోనే నా మాటలు రికార్డు చేసి పంపాను. బస్సు లేదు, గుంట లేదు, నేనే విరిచాను, ముక్కలు కాలువలో పోశాను, నా ప్లేటు పాడవలేదు అని చెప్పాను. దాని కిందే పాట మొత్తం వినిపించాను, ఆ పేరు చెప్పిన దాకా, గరగరతో సహా. నా ప్లేటు తెచ్చి మీ చేతుల్లో పెడతాను, అది మీదే అన్నాను. సువార్తమ్మగారూ అన్నాను. మొదటిసారి.

క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేక కాదు, అడిగితే అది కూడా నేను పోగేసుకోవడానికే అవుతుందని. ఇదీ ఒక గొప్పే అని మీరనవచ్చు. అనండి. చెప్పేసిన పూట నాకు అన్నం సయించింది. నలభై ఏళ్ళలో సయించనిదేం కాదు, కానీ ఆ పూట అన్నం అన్నంలా ఉంది. విరిచినవాడికి ఇంత సుఖంగా ఉండటం ఏంది అని నా మీద నాకే రోత పుట్టింది. రోత పుడుతూనే రెండోసారి పెట్టించుకున్నాను.

జవాబు కొన్నాళ్ళు రాలేదు. వాళ్ళు విన్నట్టు ఫోనులో గుర్తు పడింది. నేను ఏం ఎదురుచూశాను? తిడుతుందనా? పోనీలే అంటుందనా? రెండిటికీ సిద్ధపడ్డాను. నిన్న పొద్దున వచ్చింది. గాలి ఎక్కువ, గొంతు తక్కువ. మధ్యలో ఒకచోట కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఒక అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"విన్నా అబ్బాయ్. మా పిల్ల కూడా విన్నది. పేరు చెప్పిన కాడి దాకా వినిపిచ్చావు, అదొక్కటి చేశావు. నీ ప్లేటు నాకెందుకు, దాని మీద ఇంకెవరిదో పేరుంది. నాది నాకు తెచ్చియ్యి. కాగితం అంటించింది."